మావాడి పొడుగూ, నేనిచ్చిన జెర్సీలూ

2022 జూన్‌లో ఏడో తరగతిలోకి వచ్చేసరికి మావాడి ఎత్తు 165 సెంటీమీటర్లు. వాడి క్లాసు పిల్లల్లో చాలామంది వాడి భుజం దగ్గరే ఆగిపోయేవాళ్లు. ప్రార్థన లైన్లో వాణ్ని చూసి పీటీ మాస్టర్ పక్కకి పిలిచి, "చెయ్యి పైకెత్తు" అన్నారట. ఎత్తాడు. వేళ్లు కిటికీ పైచెక్కకి తగిలాయి. అంతే, ఆ సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది. "సార్, ఈ ఒడ్డూ పొడుగూ దేవుడిచ్చింది. ఊరకే పోనివ్వకండి. రేపట్నుంచి వాలీబాల్‌కి పంపండి."

మావాడు అప్పటికి వాలీబాల్ ముట్టుకుని ఎరగడు.

మాది కావలి. మా నాన్న చెన్నై వచ్చి అయనావరంలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు పెట్టాడు. ఇప్పుడది నేను చూసుకుంటున్నాను. ఇక్కడికి దగ్గర్లోనే రైలు పెట్టెలు తయారుచేసే ఐ.సి.ఎఫ్., ఇంకాస్త అవతల పెరంబూరు రైల్వే క్వార్టర్లు. ఐ.సి.ఎఫ్.కీ, దక్షిణ రైల్వేకీ, ఇండియన్ బ్యాంకుకీ సొంత వాలీబాల్ జట్లున్నాయి. ఈ చుట్టుపక్కల వాలీబాల్ అంటే పిల్లల ఆట కాదు, ఉద్యోగానికి దారి. నా తలలో ఆ లెక్క అప్పుడే మొదలైంది. దానికి తోడు కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ పి.వి.సింధు సంగతి చెప్పేవాణ్ని. వాళ్ల నాన్న రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన మన వాలీబాల్ జట్టులో ఆడారు, వాళ్లమ్మ విజయ గారూ వాలీబాల్ క్రీడాకారిణే, ఆ పొడుగే కూతురికి వచ్చింది అని. మా ఇంట్లో మాత్రం ఎవరూ ఎప్పుడూ ఏ ఆటా ఆడలేదు. నేను 168, నా భార్య 155. ఆ పోలిక ఎక్కడ కుదురుతుందో నేను ఆలోచించలేదు.

ఆ జట్టులో ఇంకో అబ్బాయి ఉండేవాడు. మా వీధి చివర ఇస్త్రీ బండి వాళ్ల కొడుకు. సత్యవేడు దగ్గర్నుంచి వచ్చినవాళ్లు, మనవాళ్లే. మావాడి క్లాసే. మావాడు 2010 జనవరిలో పుట్టాడు, ఆ అబ్బాయి అదే ఏడాది నవంబర్‌లో. స్కూలు ఆటల్లో వయసు లెక్క జనవరి 1 నుంచి వేస్తారు కాబట్టి ఇద్దరూ ఒకే అండర్-14. కానీ పన్నెండేళ్ల వయసులో పది నెలల తేడా అంటే మాటలు కాదు. 1980లలో రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కెనడా ఐస్ హాకీ కుర్రాళ్ల పుట్టినరోజులు పరిశీలించి, జనవరి, ఫిబ్రవరి, మార్చి పిల్లలే జట్లలో ఎక్కువగా ఉన్నారని చూపించాడు. అక్కడా లెక్క జనవరి 1 నుంచే. ఇదంతా నేను చదివింది చాలా తర్వాత. అప్పట్లో నాకు కనిపించింది ఒక్కటే. ఆ అబ్బాయి అందరికంటే పొట్టి, మావాడు అందరికంటే పొడుగు.

ఆ అబ్బాయి మావాడి కంటే ఏడాది ముందు నుంచీ పొద్దున్నే ఆరింటికి గ్రౌండుకి వస్తున్నాడు. నెట్ కట్టేది వాడు, గ్రౌండులో నీళ్లు చల్లేది వాడు, చివర్న బంతులు ఏరి సంచిలో వేసేది వాడు. మావాడు వచ్చిన మూడో వారానికి జట్టులో ఉన్నాడు, ముందు వరుసలో, నెట్ దగ్గర.

నిజం చెప్పాలంటే మొదట్లో మావాడు బాగానే ఆడాడు. అండర్-14 వాళ్లకి నెట్ కాస్త దించి కడతారు. వాడు కాస్త ఎగిరితే చాలు, చెయ్యి నెట్ పైకి వచ్చేది. అవతలి పిల్లలు కొట్టిన బంతి వాడి అరచేతులకి తగిలి వాళ్ల వైపే పడేది. అవతలి జట్ల మాస్టర్లు వయసు మీద అనుమానపడేవాళ్లు. మావాడి బర్త్ సర్టిఫికెట్ కాపీ ఒకటి ఎప్పుడూ నా బండి డిక్కీలో ఉండేది. దాన్ని తీసి చూపించడం నాకు గర్వంగా ఉండేది.

ఆ ఏడాది దీపావళికి జట్టుకి పన్నెండు జెర్సీలు కుట్టించి ఇచ్చాను, రెండు మంచి బంతులు కూడా. స్కూల్లో ఉన్నవి అతుకులేసిన పాత బంతులు. పిల్లల కోసమే ఇచ్చాను, బదులుగా ఏమీ అడగలేదు. ఈ మాట ఇప్పటికీ నమ్మకంగా చెప్పగలను. కానీ నెల తిరక్కుండానే మావాణ్ని కెప్టెన్ చేశారు. అప్పటికి వాడికి వాలీబాల్ వచ్చి నిండా అయిదు నెలలు. నేను మాస్టర్‌ని ఎందుకని అడగలేదు. అడగాల్సింది అక్కడే.

తర్వాత ఒక్కొక్కటే మొదలైంది. వాడు ఆలస్యంగా వెళ్లినా లైన్లోకి రానిచ్చేవారు, వేరే పిల్లలు ఆలస్యమైతే నాలుగు రౌండ్లు పరిగెత్తాలి. బంతులు ఏరడం వాడు మానేశాడు. అన్నిటికంటే పెద్దది, మాస్టర్ వాడికి సర్వీస్ తీసుకోవడం నేర్పలేదు. వాలీబాల్లో ఆరుగురూ చుట్టూ తిరుగుతూ ఉండాలి, ముందు వరుసవాడు వెనక్కి రావాల్సిందే. మావాడు వెనక వరుసకి వచ్చాడంటే చాలు, మాస్టర్ వాణ్ని బయటికి పిలిచి ఇస్త్రీ బండి వాళ్ల అబ్బాయిని లోపలికి పంపేవారు. ముందుకి వచ్చే వంతు రాగానే మళ్లీ మావాడు లోపలికి. రూల్ ప్రకారం ఒక సెట్టులో ఇలా ఒక్కసారే కుదురుతుంది. ఆ ఒక్కసారి అయిపోతే పక్కనున్నవాళ్లు జరిగి వాడి చోటు కూడా కాసేవాళ్లు. మోకాళ్లు వంచి, ముంజేతులు కలిపి, ఎదురుగా వచ్చే బంతిని లిఫ్టర్ దగ్గరికి, అంటే కొట్టేవాళ్లకి బంతి ఎత్తి ఇచ్చేవాడి దగ్గరికి, మెత్తగా పంపడం అనే పని వాడికి రెండేళ్ల పాటు ఎవరూ చెప్పలేదు. వాడి పొడుగుకి అది అవసరం లేదనుకున్నాం. నేనూ అనుకున్నాను.

ఇంట్లో కూడా వాడి మాట మారింది. "ఆ పొట్టోడికేం తెలుసు" అనేవాడు. నా భార్య రెండుసార్లు గట్టిగా కోప్పడింది. నేను మాత్రం ఆటలో ఆ మాత్రం పొగరు ఉండాలిలే అని వెనకేసుకొచ్చాను.

ఇక 2023 జూలై. జోనల్ పోటీలకి ముందు ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఆ అబ్బాయి మావాణ్ని, "నిలబడి చూస్తావేంది, కాళ్లు కదుపు" అన్నాడట. అందరి ముందూ. మావాడు ఇంటికొచ్చి బ్యాగు విసిరేశాడు. వాడుంటే నేను ఆడను అన్నాడు. రాత్రి కొట్టు కట్టేశాక మాస్టర్‌కి ఫోన్ చేశాను. జెర్సీల సైజుల గురించి ఏదో మాట్లాడి, చివర్లో అన్నాను: "ఆ అబ్బాయికీ మావాడికీ పడట్లేదు మాస్టర్. కొంచెం చూడండి."

ఇంతే అన్నాను. వాణ్ని తీసెయ్యమనలేదు. రెండ్రోజుల తర్వాత ఎలిజిబిలిటీ ఫారాలు హెడ్మాస్టర్ సంతకానికి వెళ్లినప్పుడు పన్నెండు మందిలో ఆ అబ్బాయి పేరు లేదు.

వాళ్లమ్మ ఇస్త్రీ బట్టలివ్వడానికి వచ్చినప్పుడు నన్నే అడిగింది. "అన్నా, మీకు స్కూల్లో తెలుసు గదా. మావోడు దినామూ పోతానే ఉండాడు. పేరు ఎందుకు తీసినారో ఒక మాట కనుక్కోరా?" నాకు తెలుసు ఎందుకు తీశారో. "వచ్చే ఏడాది చూద్దాంలేమ్మా" అన్నాను. చొక్కాలు లెక్కపెట్టుకుని డబ్బులిచ్చాను.

జోనల్‌లో మొదటి మ్యాచ్ గెలిచారు. రెండో మ్యాచ్‌లో అవతలి మాస్టర్ నాలుగు సర్వీసుల్లోనే కనిపెట్టేశారు. ఆ తర్వాత వాళ్ల సర్వీసులన్నీ మావాడి మీదే. ఒకటి చేతికి తగిలి వెనక్కి పోయింది, ఒకటి భుజానికి తగిలింది, రెండు చూస్తుండగానే ముందు పడ్డాయి. రెండు సెట్లూ ఓడిపోయారు. మావాడు టవల్ నేలకేసి కొట్టి, లిఫ్టర్ దగ్గరికి వెళ్లి అరిచాడు. లిఫ్టర్‌గా ఆడిన పిల్లాడు ఏడ్చాడు. మాస్టర్ ఏమీ అనలేదు. నేను గట్టు మీదే ఉన్నాను. నేనూ ఏమీ అనలేదు.

మధ్యలో ఒక సంగతి. ఆ డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు మా కొట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. వైరు కట్టలూ మోటార్లూ మెట్ల మీదికి ఎక్కించింది ఆ ఇస్త్రీ బండి ఆయనా, ఆ అబ్బాయీ. పిలవకుండానే వచ్చారు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

మా హాలు గుమ్మం మీద ఏటా మావాడి పుట్టినరోజుకి పెన్సిల్‌తో గీత గీసేవాళ్లం. 2024 జనవరిలో గీసిన గీత ముందటి ఏడాది గీతకి దాదాపు ఆనుకునే ఉంది. వేసవి సెలవులు అయ్యేసరికి వాడి క్లాసులో మరో ముగ్గురు వాడంత అయిపోయారు, ఒకడు దాటిపోయాడు. వాడు అద్దం ముందు నిలబడటం, కడ్డీకి వేలాడటం మొదలుపెట్టాడు. రాత్రి పన్నెండింటికి కూడా నిద్రపోయేవాడు కాదు. నాకూ టెన్షన్ పట్టుకుంది. పొడుగు పెరగడానికి ఏదైనా మందు ఉంటుందేమోనని పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన మందు రాయలేదు. ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్స్‌రే తీయించారు. క్రికెట్ బోర్డు కూడా పదహారేళ్ల లోపు అబ్బాయిల వయసు చూడటానికి తీయించేది ఈ మణికట్టు ఎక్స్‌రేనే. ఎముకల చివర్లలో పెరిగే భాగం ఎంత మిగిలిందో అందులో తెలుస్తుంది. మావాడి అసలు వయసు పద్నాలుగున్నర, ఎముకల వయసు పదహారు దగ్గర. తర్వాత ఒక కాగితం మీద లెక్క వేశారు: నాన్న ఎత్తు 168, అమ్మ ఎత్తు 155, అబ్బాయి కాబట్టి ఇంకో 13 కలిపి, సగం చేస్తే 168. "ఇది అంచనా. ఎనిమిది సెంటీమీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు. మీవాడు ఇప్పుడు 170. ఇంకో రెండు మూడు పెరుగుతాడు. ఇందులో జబ్బేమీ లేదండీ" అన్నారు.

"మరి అప్పుడు అంత పొడుగు ఎలా ఉన్నాడు?" అని మావాడే అడిగాడు.

మగపిల్లలు ఒక్కసారిగా సాగేది సగటున పద్నాలుగేళ్ల దగ్గర, కొందరికి అది రెండేళ్లు ముందే వస్తుంది, కొందరికి రెండేళ్లు ఆలస్యంగా, ముందు పెరిగినవాళ్లు ముందే ఆగుతారు అని ఆయన ఓపిగ్గా చెప్పారు. "నువ్వు పొడుగువాడివి కాదు నాన్నా, ముందు పెరిగినవాడివి." బండి మీద వస్తున్నంతసేపూ వాడు వెనక కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రి పెన్సిల్ గీతలన్నీ రబ్బరుతో చెరిపేశాడు.

జూన్‌లో స్కూల్ తెరిచేసరికి పాత మాస్టర్ వెళ్లిపోయారు. కొత్తగా ఒక పీడీ మేడం వచ్చారు. అండర్-17 జట్టుకి ట్రయల్స్ అని నోటీసు పెట్టారు. నిలబడి చెయ్యి ఎత్తితే ఎంత, ఎగిరితే ఎంత, పది సర్వీసులు వెయ్యడం, పది తీసుకోవడం, గీతల మధ్య పరుగు, ప్రాక్టీసుకి వచ్చిన రోజుల లెక్క, అన్నిటికీ మార్కులు. ఆ మార్కుల కాగితం బోర్డుకి అంటించారు. ఎవరి అంకె వాళ్లు చూసుకోవచ్చు. ఎగిరే దాంట్లో మావాడు మూడో స్థానం. మొత్తం మీద పదిహేనో స్థానం. పన్నెండు మందిలో లేడు. లిఫ్టర్ ఇస్త్రీ బండి వాళ్ల అబ్బాయి. అప్పటికింకా వాడు మావాడి చెవి దాకానే ఉన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఇచ్చిన జెర్సీలూ బంతులూ అన్నీ గుర్తొచ్చాయి. రేపు వెళ్లి అడుగుతానన్నాను. నా భార్య కూరగాయలు తరుగుతూ అంది: "2017లో సింధు గ్లాస్గో ప్రపంచ బ్యాడ్మింటన్ ఫైనల్ మనిద్దరం కూర్చుని చూశాం కదా. 110 నిమిషాలు. ఆ జపాన్ అమ్మాయి ఒకుహారా సింధు చెవి దాకా కూడా లేదు. ఎక్కడ వేసినా తీసింది. ఆ రోజు మీరేమన్నారు? పొట్టిదైనా ఎంత బాగా తీస్తోందో అన్నారు. మనవాడు తీయగలడా, ముందది చూసి రండి."

అయినా వెళ్లాను. మేడంతో నా మొదటి మాటే జెర్సీల గురించి. ఆవిడ విని, కోప్పడకుండా, "సార్, పది నిమిషాలు గ్రౌండుకి వస్తారా? మీరే లెక్కపెట్టండి" అన్నారు. మావాణ్ని పిలిచారు. అవతలి గీత దగ్గర నుంచి పది సర్వీసులు వేశారు, గట్టివేమీ కావు. లిఫ్టర్ నిలబడే చోట సుద్దతో ఒక గుండ్రం గీసి, అక్కడికి చేరితేనే లెక్క అన్నారు. నేను వేళ్లు మడిచాను. మూడు. తర్వాత ఆ అబ్బాయి. అవే సర్వీసులు. వాడు బంతి రాకముందే వచ్చే చోటికి చేరుకుంటున్నాడు. ఎనిమిది. తీసిన బంతి గుండ్రంలో పడిన చప్పుడు కూడా మెత్తగా ఉంది. పదీ అయ్యాక వాడు వెళ్లి బంతులన్నీ ఏరాడు. మావాడు తల వంచుకుని నిలబడ్డాడు. వాడి చేతులు వంచిన తీరు చూస్తే కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లాడిలా ఉంది. ఆ రెండేళ్లలో వాడికి ఏం దక్కకుండా చేశామో నాకు అప్పుడు కనిపించింది. పక్కవాడికి చేసిన అన్యాయం ఒకటైతే, ఇది ఇంకొకటి.

మేడం అప్పుడు ఇంకో మాట అన్నారు. "వీడికి దూకుడు ఉంది, చూపు ఉంది. లిబెరోగా తయారు చెయ్యొచ్చు. కానీ మొదటి నుంచి నేర్చుకోవాలి, చిన్నపిల్లలతో కలిసి నిలబడాలి. ఇష్టమైతే రమ్మనండి. మీరు పంపితే కాదు, వాడు వస్తేనే." లిబెరో అంటే వేరే రంగు చొక్కా వేసుకుని వెనక వరుసలోనే ఆడేవాడు. అంతర్జాతీయ వాలీబాల్లో 1998 నుంచి వచ్చిన స్థానం. నెట్ దగ్గర బ్లాక్ చెయ్యకూడదు, నెట్ కంటే ఎత్తున ఉన్న బంతిని అవతలికి కొట్టకూడదు. తీయడం ఒక్కటే పని. అంటే మావాడు అప్పటిదాకా చేసిందేదీ అక్కడ పనికిరాదు, చెయ్యనిదే కావాలి.

మూడు వారాలు వాడు గ్రౌండు వైపు వెళ్లలేదు. నేనూ వెళ్లమనలేదు. అది నాకు చాలా కష్టమైంది, ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసేవాణ్ని. నాలుగో వారం ఒక పొద్దున్న చూస్తే మంచం ఖాళీగా ఉంది. పాలకి వెళ్లినట్టు వెళ్లి గోడ ఇవతల నుంచి చూశాను. ఆరో తరగతి పిల్లల వరుసలో చివర నిలబడి ఉన్నాడు, అందరికంటే పొడుగ్గా. అవతలి నుంచి సర్వీసులు వేస్తున్నది ఇస్త్రీ బండి వాళ్ల అబ్బాయి. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో, ఎవరు ముందు మాట్లాడారో నాకు ఈ రోజుకీ తెలియదు. అడగలేదు కూడా. నెల తర్వాత మావాడి ముంజేతులు ఎర్రగా కందిపోయి ఉండేవి. నా భార్య కొబ్బరినూనె రాసేది.

పోయిన ఏడాది, అంటే 2025లో, పదో తరగతిలో పన్నెండు మందిలోకి వచ్చాడు. రెండో లిబెరో. ఎక్కువసేపు బయటే కూర్చుంటాడు. నెట్ పాతబడిందని మేడం అందరి తల్లిదండ్రులకీ చెబితే అందరం తలా కొంత వేసుకుని కొన్నాం. ఎవరెంత ఇచ్చారో పిల్లలకి తెలియనివ్వలేదు.

నాకు మిగిలింది ఒక పని. చాలా రోజులు వాయిదా వేశాను. మొన్న ఆదివారం ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఒక్కతే ఉంది, పెట్టెలో బొగ్గులు విసురుతోంది. 2023లో మాస్టర్‌కి ఫోన్ చేసింది నేనేనని, నేనన్న మాట వల్లే వాళ్లవాడి పేరు పోయిందని, ఆ రోజు ఆవిడ అడిగినప్పుడు తెలిసే అబద్ధం చెప్పానని చెప్పాను. తప్పయిపోయిందమ్మా అన్నాను.

ఆవిడ విసురుతున్న అట్ట పక్కన పెట్టి కాసేపు నా వైపు చూసింది.

"ఆ పొద్దు వాడు అన్నం తినకుండా పడుకున్యాడన్నా. జ్వరమేమో అనుకున్యా" అంది. తర్వాత మూటలోంచి ఇంకో చొక్కా తీసి నీళ్లు చల్లింది.